ఈసారి కార్యక్రమాలు తక్కువ, ధర ఎక్కువ

నమస్కారం.

మదనపల్లె దగ్గర మా మామిడితోటలో జరిగే కవిత్వ శిబిరానికి ఇదివరకు వచ్చినవాళ్లకీ, కార్తీకమాసానికి గదులు అడిగినవాళ్లకీ ఈ ఉత్తరం. ధర పెంచుతున్నాను. ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చదువుకుంటారు. మూడు రోజులకు మనిషికి 6,500 రూపాయలు ఉండేది, ఇకమీదట 8,500. కార్యక్రమాలు మాత్రం సగానికి పైగా తీసేశాను.

ఎందుకో చెప్తాను. మొదట్లో "చదువుకోండి, రాసుకోండి, ఊరికే కూర్చోండి" అని గేటు మీద బోర్డు రాయించాను. (ఊళ్లో మా ఇంటికి 'మాట్లాడని హోటలు' అని పేరు.) తీరా డబ్బు చేతిలో పడ్డాక భయం పట్టుకుంది. ఊరికే కూర్చోబెట్టి ఇంత తీసుకున్నాడేమిటి అనుకుంటారేమోనని. ఆ టెన్షన్‌లో పొద్దున ఆరింటికి ధ్యానం, ఎనిమిదింటికి పద్యాలు పెట్టాను. పదింటికి వ్యాన్ ఎక్కించి, 1919లో రవీంద్రనాథ్ టాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చిన కాలేజీ చూపించేవాణ్ణి. మధ్యాహ్నం హార్సిలీ హిల్స్, రాత్రి మైకు పెట్టి కవిసమ్మేళనం. మొన్న మాఘంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ వెళ్తూ వెళ్తూ మా పుస్తకంలో రాశారు: "మీ టైంటేబుల్ చదవడానికే సరిపోయింది బాబూ. తెచ్చుకున్న పుస్తకం సంచిలోనే ఉంది."

అది చదివి నవ్వుకున్నాను. నవ్వలేని సంగతి ఇంకొకటి జరిగింది.

వచ్చినవాళ్ల ఫోన్లన్నీ తీసుకుని స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టేవాణ్ణి. ఫొటోలో ఆ డబ్బా భలే ఉండేది, అది చూసే చాలామంది వచ్చారు. ఆ శిబిరంలోనే, రెండో రోజు మధ్యాహ్నం, వంటింట్లో మా వదిన "డబ్బాలో తుమ్మెద పడిందేమో చూడు" అంది. నేను పట్టించుకోలేదు. సాయంత్రం మూత తీస్తే ఒక ఫోన్‌లో పదిహేడు మిస్డ్ కాల్స్. ఆ ఫోన్ శిబిరానికి వచ్చిన ఒకాయనది. వాళ్లమ్మ బాత్‌రూంలో జారిపడితే ఇంటివాళ్లు రెండు గంటలుగా చేస్తూనే ఉన్నారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. భోజనం చేయకుండా బ్యాగు సర్దుకుని వెళ్లిపోయారు. అమ్మగారు కోలుకున్నారట. డబ్బు తిరిగి పంపాను, కానీ అది డబ్బుతో పోయే తప్పు కాదు. ఇప్పుడు ఆ డబ్బాలో బియ్యప్పిండి పోసుకున్నాం. ఫోన్ మీ దగ్గరే ఉంటుంది. వరండాలో మాత్రం మోగనివ్వకండి, అంతే. మా వంటింటి నంబరు ఇంట్లో ఇచ్చి రండి. ఫోన్ వస్తే మీరు తోటలో ఏ మూల ఉన్నా వచ్చి చెప్తాం.

మైకు అమ్మేశాను. కాలేజీ, కొండ ఎవరైనా అడిగితేనే. తరిగొండ ప్రయాణం ఒక్కటే ఉంచాను, అదీ ఇష్టమైతేనే. తరిగొండ వెంగమాంబ ఊరు అది. చిన్నతనంలోనే భర్త పోతే, తల జుట్టు తీయించుకోవడానికి ఒప్పుకోని మనిషి. ఊరంతా నోటికొచ్చినట్టు మాట్లాడుతుంటే, నరసింహస్వామి గుడిలో ఆంజనేయుడి విగ్రహం వెనక్కి వెళ్లి ధ్యానంలో కూర్చునేదని చెప్తారు. తర్వాత తిరుమల చేరి 'వేంకటాచల మాహాత్మ్యం' రాసింది. 'తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అని ఏకాంతసేవ గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం కదా, ఆ హారతి ఆమెదే. ఇన్నిసార్లు ఆ గుడికి వ్యాన్ తోలి, అందరికీ ఈ కథ గడగడా చెప్పి, ఇరవై నిమిషాల్లో "ఎక్కండెక్కండి" అన్నవాణ్ణి నేను. ఆమె వెతుక్కున్నది విగ్రహం వెనక కాస్త మరుగు. నేను మీకు అది తప్ప అన్నీ ఇచ్చాను.

ధర పెరిగింది కూడా ఆ మరుగుకే. ఉన్నవి ఆరు గదులు. ఇదివరకు గదికి ఇద్దరు చొప్పున పన్నెండు మంది. ఇకనుంచి గదికి ఒక్కరే. మనుషులు సగమయ్యారు, పాలు, కరెంటు, వంటమనిషి జీతం సగం కావు. 8,500కి నాకు మిగిలేది పెద్దగా లేదు, నష్టం మాత్రం రాదు. పాత ధరకి డబ్బు కట్టినవాళ్లు ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. మార్పులు నచ్చకపోతే చెప్పండి, మొత్తం వెనక్కి వేస్తాను. ప్రతిసారీ ఒక గది సగం ధరకి ఉంటుంది. అడిగినవాళ్లకి ఇస్తాను, ఎందుకని అడగను.

రాగిసంగటి, పప్పు ఎప్పటిలాగే ఉంటాయి. పోయినసారి చట్నీ కారం ఎక్కువైందన్నారు, వదినకి చెప్పాను, ఆవిడ ఒప్పుకోలేదు.

కార్తీకంలో రాత్రుళ్లు చలి బాగా ఉంటుంది, శాలువా తెచ్చుకోండి. ఇంకోటి, ఇది టమోటా ఊరు. తెల్లారకముందే మార్కెట్‌కి బండ్లు కదులుతాయి, మలుపు దగ్గర ప్రతివాడూ హారన్ కొడతాడు. దాన్ని ఆపడం నా వల్ల కాదు. గదిలో దూది పెట్టించాను.