క్లీనర్ సైడు అద్దంలో సైకిల్

సంపాదకులు గారికి,

నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో బస్సు తోలాను. రిటైరై నాలుగేళ్లయింది. మోకాళ్లకి మంచిదని డాక్టరు చెబితే సైకిల్ కొనుక్కున్నాను. మా విజయవాడలో పటమట రైతుబజారుకి వెళ్లినా, బిల్లులు కట్టడానికి వెళ్లినా దాని మీదే. స్టీరింగ్ వెనక కూర్చున్నన్నాళ్లూ నాకు తట్టని సంగతులు, హ్యాండిల్ పట్టుకున్న మొదటి నెలలోనే తెలిసొచ్చాయి.

పోయిన నెల ఒకరోజు పొద్దున్న ఏడున్నరకి బందరు రోడ్డు మీద కూరల సంచితో ఇంటికి వస్తున్నాను. ఒక కారు నన్ను రాసుకున్నట్టుగా దాటింది. దాని ఎడమ అద్దం నా హ్యాండిల్ కొసకి తగిలి పడిపోయాను. పెద్ద దెబ్బలేం కాదు. మోచెయ్యి చెక్కుకుపోయింది, టమాటాలు నుజ్జయ్యాయి. కారాయన కొంచెం ముందుకెళ్లి ఆపి, తల బయటపెట్టి, "సందు ఉంది కదా పెద్దాయనా, లోపలికి ఎందుకొచ్చావ్?" అన్నాడు. నిజానికి నేను ఎక్కడికీ రాలేదు. సందు ఉందని మాత్రం ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. ఈ ఉత్తరం ఆ సందు గురించే.

లెక్క వేసి చూడండి. రోడ్డు మీద ఒక లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు అనుకుందాం. రోడ్డు అంచున ఇసుక, గాజు పెంకులు, ఎత్తుపల్లాల డ్రైనేజీ మూతలు ఉంటాయి కాబట్టి సైకిల్ తొక్కేవాడు అర మీటరు వదిలి నడుపుతాడు. సైకిల్ హ్యాండిల్ రెండడుగులు, అంటే ఇంకో 60 సెంటీమీటర్లు. చిన్న కారే అయినా అద్దాలతో కలిపి దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. అన్నీ పోగా మిగిలేది 40 సెంటీమీటర్లు. రెండు జానలు కూడా నిండవు. అదీ కారు కుడి అద్దం సరిగ్గా గీత మీదుగా పోతేనే. రెండున్నర మీటర్ల వెడల్పుండే బస్సుకైతే ఆ లేన్ అసలు చాలదు. అంటే ఒకే లేన్‌లో సైకిల్‌ని, బండిని పక్కపక్కన పట్టించే సందు అనేది లేనే లేదు. ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

బ్రిటన్ రోడ్డు నియమాల్లో 2022 నుంచి సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్లు వదలమని రాసుకున్నారు. జర్మనీలో 2020 నుంచి ఊళ్లలో అదే కొలత, ఊరు దాటితే రెండు మీటర్లు. టేపు పట్టుకుని ఎవరు కొలుస్తారని మనవాళ్లు నవ్వుతారు. కొలవక్కర్లేదు. మీ కారు ఎడమ తలుపు బార్లా తెరిచినా సైకిల్‌కి తగలకుండా ఇంకా అర మీటరు మిగిలేంత ఎడం ఉంటే చాలు. ఆటోని ఎలా దాటుతారో సైకిల్‌ని కూడా అలాగే, పక్క లేన్‌లోకి పూర్తిగా వెళ్లి దాటాలి. పక్క లేన్ ఖాళీగా లేదా, గేరు దించి వెనకే రావాలి. ఆలస్యం ఎంతవుతుందో కూడా చెబుతాను. వంద మీటర్లు నలభై స్పీడులో తొమ్మిది సెకన్లు, సైకిల్ వెనక పదిహేను స్పీడులో ఇరవై నాలుగు. తేడా పదిహేను సెకన్లు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే అంతకంటే ఎక్కువసేపే నిలబడతారు.

కొత్తగా చేరినప్పుడు మాకు ట్రైనింగ్ ఇచ్చిన పెద్దాయన ఒకటే మాట చెప్పేవారు: "దాటడం గొప్ప కాదురా, దాటాక ఎప్పుడు లోపలికి తిరుగుతావో అది చూడు." క్లీనర్ సైడు, అంటే ఎడమ పక్క అద్దంలో సైకిల్ మొత్తం, ముందు చక్రంతో సహా కనిపించేదాకా ఎడమకి తిప్పకూడదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తమ సీటు సైకిల్‌ని దాటగానే దాటేశాం అనుకుని కట్ కొడతారు. వెనక ఇంకా సగం బండి ఉంటుంది. పొడుగు బండికి ఇంకో గండం ఉంది. ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం నడిచిన దారిలో నడవదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఆ మలుపులో పక్కన సైకిల్ ఉంటే తప్పించుకునే చోటు ఉండదు. ఎడమకి తిరగాల్సిన బండి ముందున్న సైకిల్‌ని దాటనే కూడదు, దాని వెనకే ఆగి తిరగాలి.

నేనేమీ తప్పు చేయనివాణ్ణి కాదు. ఉద్యోగంలో తొలి రోజుల్లో, టైముకి స్టాండు చేరాలన్న టెన్షన్‌లో, క్యాన్లు కట్టుకుని వెళ్తున్న ఒక పాలాయన్ని మరీ దగ్గరగా దాటాను. బస్సు తగల్లేదు. ఆ గాలి ఊపుకే ఆయన తూలిపోయాడు. అద్దంలో రోడ్డంతా తెల్లగా పారడం చూశాను. ఆపలేదు. ఇన్నేళ్లయినా పాలక్యాన్ల సైకిల్ కనిపిస్తే నా కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్లేది.

సైకిల్ గీత గీసినట్టు తిన్నగా పోదు. ఎదురుగా గుంట వస్తే పక్కకి తప్పుకుంటుంది, ఆగి ఉన్న ఆటోని చుట్టి పోతుంది. మన ఊళ్లో కాలవ వంతెనలు ఎక్కేటప్పుడు చూడండి, తొక్కేవాడు సీటు మీంచి లేచి అటూ ఇటూ ఊగుతూ తొక్కుతాడు. అక్కడ దాటాలని చూడకండి, వంతెన దిగాక బోలెడు రోడ్డు ఉంది. ప్రకాశం బ్యారేజీ సంగతీ అంతే. సీతానగరం వైపు నుంచి పనుల కోసం పొద్దున్నే సైకిళ్ల మీద వచ్చేవాళ్లు ఆ కిలోమీటరు పైచిలుకు దూరాన్ని ఐదు నిమిషాల్లో దాటతారు. పక్కకి తప్పుకుందామంటే అక్కడ చోటు లేదు. ఆ ఐదు నిమిషాలూ వాళ్ల వీపు మీద హారన్ మోగుతూనే ఉంటుంది.

హారన్ గురించి ఒక మాట. సైకిల్ తొక్కేవాడి వెనక మూడు గజాల్లో కొడితే వాడు ఉలిక్కిపడి కుడి భుజం మీంచి వెనక్కి చూస్తాడు. తల తిరిగిన వైపే హ్యాండిల్ కూడా లాగుతుంది, అంటే సరిగ్గా మీ బండి కిందకి. కొట్టాలంటే దూరం నుంచే, చిన్నగా, ఒక్కసారి కొట్టండి.

ఆపి ఉన్న కార్ల తలుపులు మరో భయం. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల వీధుల్లో ఎప్పుడు ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియదు. డ్రైవర్ సీట్లో ఉన్నవాళ్లు కుడి చేత్తో కాకుండా ఎడమ చేత్తో తలుపు తీయడం అలవాటు చేసుకుంటే, ఒళ్లు తిరిగి చూపు దానంతటదే వెనక్కి పోతుంది. వారం రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

సైకిళ్లవాళ్ల తప్పులు లేవని అనను. రాంగ్ రూట్లో వచ్చేవాళ్లు, రాత్రిళ్లు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ కూడా లేకుండా నల్ల చొక్కాతో తిరిగేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. చెబితే "మనకెందుకులే బాబాయ్" అంటారు. కానీ వాళ్ల తప్పుకి వాళ్ల ఎముకలే విరుగుతాయి, కారు తప్పుకి కూడా వాళ్ల ఎముకలే విరుగుతాయి. అందుకే ఉత్తరం కార్లవాళ్లకి రాస్తున్నాను.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ చూస్తే, నిబంధనలకి విరుద్ధంగా ఇతర వాహనాలను దాటడం కూడా ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకే వస్తుంది. హెల్మెట్ లేనివాళ్ల ఫొటోలు తీస్తున్నట్టే పోలీసులు దీని మీద కూడా ఒక కన్నేస్తే బాగుంటుంది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయిస్తారు, రివర్స్ చేయిస్తారు. అక్కడే ఒక సైకిల్‌ని ముందు నడిపించి, దాన్ని ఎలా దాటతాడో, ఎప్పుడు లోపలికి తిరుగుతాడో కూడా చూడమని రవాణా శాఖ వారికి నా మనవి. తొక్కడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. తొమ్మిదిలోపు అయితే మంచిది, తర్వాత ఎండ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు,
పటమట, విజయవాడ