'కట్టు' గొడవ గురించి రెండు మాటలు

తల్లిదండ్రులకు నమస్కారం.

రెండో టర్మ్ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టండి. శుక్రవారం పళ్ల డాక్టరు వస్తున్నారు, పిల్లల్ని బ్రష్ చేయించి పంపండి. ఐడీ కార్డులు వచ్చే వారం ఇస్తాం.

ఇక అసలు సంగతి. దసరా సెలవుల్లో ఏడో తరగతికి మా తెలుగు టీచరమ్మ ఒకే ఒక్క పని ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లనడిగి 'కట్టు' అనే మాటను పది రకాలుగా వాడి పది వాక్యాలు రాయాలి. చాలామందికి సున్నా వచ్చింది. 'పాఠంలో లేనిది ఎలా ఇస్తారు, మా వాడు టెన్షన్ పడుతున్నాడు' అని మీ వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది. మీ శ్రద్ధకు సంతోషం. కానీ ఆ నోటుపుస్తకాలు నేనూ చూశాను. సగం పుస్తకాల్లో అవే వాక్యాలు, అదే వరసలో, అదే అక్షరదోషంతో ఉన్నాయి. కొన్నింట్లో రాత చక్కటి గొలుసుకట్టు. ఏడో తరగతి పిల్లలకు అంత చేయి తిరగదు. పోనీ, 'గొలుసుకట్టు' అన్న మాటైనా ఒక వాక్యంలో వాడి ఉంటే ఒక మార్కు వేయించేదాన్ని.

సొంతంగా రాసిన పిల్లలవి చదివితే మీకే తెలుస్తుంది. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పొలమున్న రైతు బిడ్డ 'ఈసారి మా ఆయకట్టుకు నీళ్లు ఆలస్యం' అని రాశాడు. వాళ్ల తాత తుంగభద్ర మీది సుంకేశుల బ్యారేజీని ఇప్పటికీ ఆనకట్ట అనే అంటాడట, అదీ రాశాడు. బి సెక్షన్ అమ్మాయి ఒకతె ఓళిగలు (బొబ్బట్లు) చేసిన రోజు వాళ్ల అవ్వ ఉడికిన శనగపప్పు మీది నీళ్లు వంచి, ఆ కట్టుతో చారు పెట్టడం రాసింది. చింతపండు ఎంత, తిరగమోతలో ఎండుమిరపకాయలు ఎన్ని, అన్నీ ఉన్నాయి. స్టాఫ్ రూంలో అందరం చదివాం, మధ్యాహ్నం దాకా ఆకలి ఆగలేదు.

ఇది సిలబస్‌లో లేని మాట కాదండీ, ఇంట్లో రోజంతా తిరిగే మాట. చీర కడతాం, పూలు కడతాం, ఇల్లు కడతాం, క్యారేజీ కడతాం. పాటకు వరస కడతారు, వస్తువుకు వెల కడతారు. పాల మీద మీగడ కడుతుంది, అక్కడ కట్టే మనిషే ఉండడు! పులిజూదంలో పులి కదల్లేకపోతే ఆటకట్టు. మూటగట్టుకోవడం, అంటగట్టడం, ఒడిగట్టడంలో ఇదే మాట గకారం తొడుక్కుని కూర్చుంటుంది. పిల్లలు బట్టీ పట్టే సంధి పాఠం ఇదే, కాకపోతే ఇక్కడ బట్టీ అక్కర్లేదు. 1820లో మన పక్క కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ దొర తెలుగు నేర్చుకుని, వాడుక మాటలకు కూడా తన నిఘంటువులో చోటిచ్చాడు. మన పిల్లలు అంత కష్టపడనక్కర్లేదు, అన్నం తినేటప్పుడు నాయనమ్మను అడిగితే చాలు. అయితే ఆ సమయంలో పిల్లాడి ముందు ఫోను ఉంటోంది. అది లేకపోతే ముద్ద దిగదని మీటింగుకు వచ్చిన ప్రతిసారీ మీరే చెబుతున్నారు.

సున్నాలు మార్చం. కావాలంటే మళ్లీ రాసి ఇవ్వచ్చు. ఈసారి మాట 'పెట్టు', గడువు వచ్చే సోమవారం. రాత మాత్రం పిల్లలదే ఉండాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు