పిల్ల గుర్రాలకు తొందర వద్దు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంఘం చేసిన పనులు ఈ నివేదికలో మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా ఇస్తారు కాబట్టి లెక్కల జోలికి పోవడం లేదు. పోయినసారి అన్ని పనులకూ తలా నాలుగు వాక్యాలు రాస్తే ఎవరూ చదవలేదని ఒకరిద్దరు ముఖం మీదే చెప్పారు. అందుకే ఈసారి ఎక్కువ చోటు ఒక్క విషయానికే: పిల్ల గుర్రాలకు జీను అలవాటు చేయడం.

మనలో చాలామందికి గుర్రం బతుకుదెరువు పెళ్ళిళ్ళ సీజనే. ముహూర్తాలు అయిపోతే మిగిలేది మేత ఖర్చు. ఆ తొందరలో రెండేళ్ళ పిల్లకే జీను వేసి బరాత్‌లోకి దించడం పాలమూరులోనూ, నల్లగొండ వైపూ మామూలైపోయింది. నిరుడు ఒక బరాత్‌లో పటాకులకు బెదిరి, పెళ్ళికొడుకుతో సహా సందులోకి దూరిన పిల్ల సంగతి మీకు తెలుసు. మనిషికి ఏమీ కాలేదు. దెబ్బలన్నీ గుర్రానికే పడ్డాయి.

దాని తర్వాతే నాలుగేళ్ళు నిండని గుర్రాన్ని సంఘం తరఫున ఏ పెళ్ళికీ పంపకూడదని కార్యవర్గం తీర్మానించింది. సర్వసభ్య సమావేశంలో దీని మీద పెద్ద రభసే అయింది. "అన్ని దినాలు మేత ఎవరు పెడ్తరన్నా?" అని అడిగినవాళ్ళది న్యాయమైన ప్రశ్నే, దానికి కింద వస్తాను. నాలుగేళ్ళే ఎందుకన్నది ముందు చెప్పాలి. గుర్రం ఎత్తు చూసి పెరిగిందనుకుంటాం. ఎముకల కొసన పెరిగే మెత్తటి భాగం గట్టిపడేది మాత్రం కింది నుంచి పైకి. గిట్టల దగ్గరివి ఏడాదికి అటూ ఇటుగా, ముందరి మోకాళ్ళ దగ్గరివి రెండు, రెండున్నరేళ్ళకు గట్టిపడతాయి. అన్నిటికన్నా ఆఖరు వెన్నుపూసలు. వాటికి ఐదేళ్ళు దాటాలి. మనం బరువు పెట్టేది ఆ వెన్ను మీదనే. అంటే నాలుగేళ్ళన్నది కూడా మన అవసరానికి తగ్గి ఒప్పుకున్న గడువే.

బరువు సంగతీ అంతే. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని లెక్క. మూడు వందల కిలోల గుర్రానికి అరవై కిలోలు. మన పెళ్ళికొడుకులు, వాళ్ళ ముందు కూర్చోబెట్టే చిన్నపిల్లవాడు, ముత్యాల జూలు వేసిన జీను, అన్నీ కలిపి తూచి చూడండి.

ఇక చుక్క గురించి. దేవరకొండ సభ్యుడు ఒకరు సంతలో కొన్న ఈ ఆడ గుర్రప్పిల్లకు నాలుగేళ్ళని అమ్మినవాళ్ళు చెప్పారట. మన గుర్రాలను చూసుకునే సాయిసు చాచా దాని పెదవి పైకెత్తి చూశాడు. నడిమి జత పళ్ళు కొత్తవి, వెడల్పుగా ఉన్నాయి. వాటి పక్కవి ఇంకా చిన్నవి, తెల్లటి పాలపళ్ళు. నడిమివి రెండున్నరేళ్ళకు ఊడి కొత్తవి వస్తాయి, పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు. "ఇది ఇంకా పిల్లనే బిడ్డా, ఈపు గట్టిపడలే" అన్నాడు చాచా. ఆ మాటతో చుక్కను కొట్టంలోనే ఉంచి, ఏడాది పొడుగునా నిదానంగా నేర్పించాం. కావలసినవాళ్ళు వచ్చి చూశారు. మొదట్లో వచ్చినవాళ్ళకు విసుగే పుట్టింది, చూడ్డానికి ఏమీ లేదు కాబట్టి.

చాలా రోజులు పగ్గం పట్టుకుని పక్కన నడవడం, ఆగమంటే ఆగడం, కాళ్ళెత్తి ఇవ్వడం. అంతే. తర్వాత వీపు మీద ఉత్త బట్ట. తర్వాత జీను, కడుపు కింది పట్టీ వదులుగా పెట్టి. పట్టీని ఒక్కసారే బిగిస్తే పిల్ల ఊపిరి బిగబట్టి ఎగురుతుంది, ఆ భయం దానికి ఏళ్ళ తరబడి పోదు. ఒక రంధ్రం బిగించి నాలుగడుగులు నడిపించి, మళ్ళీ ఇంకొకటి. పొడవు పగ్గం మీద తిప్పేటప్పుడు వలయం పెద్దది, సేపు తక్కువ. చిన్న వలయంలో గిరగిరా తిప్పితే లేత కీళ్ళు పాడవుతాయి. రికాబులు, అంటే కాళ్ళు పెట్టే కొక్కేలు, పక్కలకు తగిలి చప్పుడు చేస్తున్నా చెవులు వెనక్కి వాల్చకుండా, దవడ ఆడిస్తూ నడిచినప్పుడే చాచా తర్వాతి మెట్టుకు ఒప్పుకునేవాడు.

జీను తీశాక వీపు చూడడం చాచా అందరికీ నేర్పిన పని. ఒకనాడు చెమటకు తడిసిన వీపు మీద, మూపు ఎడమ పక్కన రూపాయి బిళ్ళంత మేర పొడిగా ఉంది. అక్కడ జీను నొక్కుతోందన్నమాట. వదిలేస్తే పుండే. జీను కింది మెత్త విప్పించి మళ్ళీ కుట్టించాం.

మనిషి ఎక్కడం చలికాలంలో. సన్నటి కుర్రాడు ముందు వీపు మీద అడ్డంగా బోర్లా పడుకున్నాడు, దిగాడు. మరి కొన్నాళ్ళకు కూర్చున్నాడు. ఎర్రటి చల్కా నేల మీద, తెల్లారకముందే, నేరుగా నడక మాత్రమే. దుల్కీ, అంటే నడకకూ దౌడుకూ నడుమ పరుగు, ఈ మధ్యే మొదలైంది, దౌడు ఊసు లేదు. కురుమూర్తి జాతరకు తీసుకెళ్దామని కొందరు పట్టుబట్టారు కానీ ఆ జనంలోకి వద్దనుకున్నాం. బదులుగా దూరంగా డప్పు కొట్టించి, చుక్క మేత మానకుండా తింటుంటే కొంచెం కొంచెం దగ్గరికి జరిపాం. పని పెరగకుండా ఉలవలు మాత్రం పెంచకండి. నెలనాళ్ళు ఉలవలు దట్టించి, పిల్ల దుడుకుదని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు!

ముళ్ళ లగాంల మీద కూడా పని జరిగింది. ముళ్ళూ బొడిపెలూ ఉన్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. అవే నిబంధనలు ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించవద్దంటాయి. పాత ముళ్ళ లగాం తెచ్చిచ్చినవారికి నున్నటిది ఇచ్చాం. వచ్చినవాటిలో ఒకదాని ముళ్ళకు ఇంకా ఎండిన రక్తం అంటుకుని ఉంది. ఇంకా ఇవ్వనివాళ్ళెవరో నాకు తెలుసు, పేర్లు రాయను.

ధనుర్వాతం టీకాలు, గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగానికి రక్త పరీక్షలు పశువైద్యుల సాయంతో చేయించాం. గ్లాండర్స్ మనుషులకూ అంటుతుంది, టీకా లేదు. పరీక్షకు గుర్రాన్ని తీసుకురావడానికి సాకులు చెప్పవద్దని మనవి. లాడాలు కొట్టే శిక్షణ అనుకున్నాం, కుదరలేదు.

మేత ప్రశ్నకు కార్యవర్గం ప్రతిపాదన ఇది: పెళ్ళికి వెళ్ళే పెద్ద గుర్రాల కిరాయిలో కొంత పక్కన పెట్టి, నాలుగేళ్ళు నిండని పిల్లలున్న సభ్యులకు చొప్ప, తౌడు ఇవ్వడం. ఎంత అన్నది వచ్చే సమావేశంలో మీరే తేల్చాలి. నా ఒక్కడి అభిప్రాయం అడిగితే, ఇది లేకుండా పై తీర్మానం కాగితం మీదే మిగులుతుంది.

సంఘం జీనులు ఎవరి దగ్గరున్నా వానలు మొదలయ్యేలోపు కొట్టానికి చేర్చండి. తోలుకు బూజు పడుతోంది.

– కార్యదర్శి