నానో కాంక్రీటు అని రాస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

కాంక్రీటులో నానో పదార్థాలపై ఒక ఇంజనీరింగ్ ఆచార్యుడి పరిశోధన గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాం. ప్రయోగశాలలో వచ్చిన బలం గురించి బాగా వివరించారు. అయితే వంతెనకో నీళ్ల ట్యాంకుకో టెండరు పిలుస్తూ ‘నానో కాంక్రీటు వాడాలి’ అని ఒక్క ముక్క రాసేస్తే ఆ ఫలితం రాదు.

సిమెంటు గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా తయారవుతుంది. దానివల్ల బలం పెద్దగా రాదు. కాంక్రీటులో కలిపే నానో సిలికా (అతి సన్నని సిలికా రేణువులు) దానితో చర్య జరిపి, కాంక్రీటును పట్టి ఉంచే కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌గా మారుస్తుంది. కంకర చుట్టూ ఉండే బలహీనమైన పొర చిక్కబడుతుంది. మా దృష్టిలో బలం కన్నా ఇదే పెద్ద లాభం: నీళ్లూ ఉప్పూ లోపలి స్టీలు దాకా పోవడం కష్టమవుతుంది.

చిక్కంతా కలపడంలోనే ఉంది. నానో సిలికా రేణువు 100 నానోమీటర్ల లోపే ఉంటుంది. పొడిని నేరుగా మిక్సర్‌లో పోస్తే ఉండలు కడుతుంది. ఉండ మైక్రాన్ల సైజుకు పెరిగిందంటే నానో గుణం పోయినట్టే, పైగా అక్కడ కాంక్రీటు బలహీనపడుతుంది. ప్రయోగశాలలో అల్ట్రాసోనిక్ పరికరంతో ఉండలు విడగొడతారు. పెద్ద ఎత్తున కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటులో ఆ పని సాగదు కాబట్టి ద్రవరూపంలోని కొల్లాయిడల్ సిలికా (రేణువులు ముందే నీళ్లలో విడివిడిగా ఉన్నది) తీసుకుని, ముందు నీళ్లలో కలిపి, ఆ తర్వాతే సిమెంటుకు చేర్చాలి.

ఇక్కడే లెక్క తప్పుతుంది. ఘనపు మీటరుకు 400 కిలోల సిమెంటు, 0.40 నీటి నిష్పత్తి (సిమెంటు బరువులో నీళ్ల వంతు) అనుకుందాం. నీళ్లు 160 కిలోలు. సిమెంటులో 2 శాతం నానో సిలికా అంటే 8 కిలోలు. 40 శాతం గాఢత ఉన్న ద్రవమైతే 20 కిలోలు పోయాలి, అందులో 12 కిలోలు నీళ్లే. వాటిని తగ్గించి 148 కిలోలే పోయాలి. మరిచిపోతే నిష్పత్తి 0.43కు చేరుతుంది, నానోతో వచ్చిన లాభంలో కొంత అక్కడే పోతుంది.

అంత సన్నని రేణువులకు ఉపరితలం చాలా ఎక్కువ, అవి నీళ్లను పట్టేసుకుంటాయి. స్లంప్ (తడి కాంక్రీటు జారుడుతనం) త్వరగా పడిపోతుంది. అప్పుడు సైటులో పైపుతో నీళ్లు పోయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. నీళ్లు పెంచకుండా కాంక్రీటును జారేలా చేసే సూపర్ ప్లాస్టిసైజర్ మోతాదును ట్రయల్ మిక్సులోనే (ముందుగా కలిపి చూసే నమూనాలోనే) తేల్చుకోవాలి. పైకి తేలే నీళ్లు కూడా తక్కువే కనుక స్లాబు మీద ఎండా గాలీ తగిలితే గంటల్లోనే పగుళ్లు వస్తాయి. ఫినిషింగ్ అయిన వెంటనే కప్పి తడి నిలపాలి.

అందుకే టెండరులో పదార్థం రూపం, గాఢత, మోతాదు, కలిపే వరుస, క్యూరింగ్ (తడి నిలపడం) మొదలుపెట్టే సమయం రాయాలని కోరుతున్నాం. అదే ప్లాంటులో నానో లేని మిశ్రమాన్ని కూడా పోసి, రెండింటికీ 28 రోజుల క్యూబు బలంతో (అచ్చుపోసిన దిమ్మె తట్టుకునే ఒత్తిడితో) పాటు క్లోరైడ్ (ఉప్పు) చొరబాటు పరీక్ష చేయించాలి. రెండింటి మధ్య తేడా కనిపించకపోతే నానో పేరిట అదనపు బిల్లు చెల్లించకూడదు.

ఇట్లు,
కాంక్రీటు నాణ్యత పరీక్షల ఇంజనీర్లు