కొచ్చి మిరియాలు

చి॥ నానికి నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలికి అదే నూనె, అదే నొప్పి. ఈ ఉత్తరంలో పెద్ద విశేషమేమీ లేదు. శబరిమల నుంచి వస్తూ కొచ్చిలో ఒక రోజు తిరిగాం. ఆ కబుర్లు చెబుదామంటే ఇరవై రోజులుగా నువ్వు ఫోను ఎత్తడం లేదు. పని ఒత్తిడి అయ్యుంటుందిలే.

మీ అమ్మకి యాభై దాటాయి కదా, ఈసారి తనూ ఇరుముడి కట్టుకుని కొండెక్కింది. దిగాక శబరి ఎక్స్‌ప్రెస్‌కి మర్నాటికి గానీ టికెట్లు దొరకలేదు. సరేనని ఎర్నాకుళం హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో ఎక్కాం. కరెంటు బోటు, ఏసీ, వంద మందిని ఎక్కిస్తారు. 2023లో మొదలుపెట్టారట. అక్కడ దీవి నుంచి దీవికి పోవడమంటే మనకి తెనాలి నుంచి దుగ్గిరాల వెళ్ళినట్టే. విల్లింగ్‌డన్ అనే దీవి మరీ వింత. ఓడరేవు కోసం తవ్విన మట్టి పోసి చేశారట దాన్ని. పోసిన మట్టి కూడా అక్కరకొచ్చింది చూడు. నీ బీటెక్ ఫీజుల గురించి అనడం లేదు.

చీరాల బాబాయి ఏదో అన్నాడు, నువ్వు ఉద్యోగం మానేశావని. నేను నమ్మలేదు.

వైపీన్ అనే దీవిలో దిగి ఫోర్ట్ కొచ్చికి వెళ్ళాలంటే మన గోదావరి పంటు లాంటిదే ఒకటి ఉంది. లారీలు, స్కూటర్లు, మనుషులు అన్నీ దాంట్లోనే. అవతలి ఒడ్డు కళ్ళ ముందే కనిపిస్తుంది. మీ అమ్మ అక్కడ అరటిపండు బజ్జీలు వేస్తుంటే చూసి ఆగింది. నేను వెనకే వస్తోందనుకుని ఎక్కేశాను. తీరా చూస్తే ఆవిడ ఒడ్డునే ఉంది, ఆవిడ ఫోను నా సంచిలో ఉంది. అవతల దిగి ఒక బోటు చూశాను, రాలేదు. రెండోది చూశాను, రాలేదు. భాష రాదు, ఎవర్ని అడగాలి? చెమటలు పట్టాయి. ఇక ఆగలేక నేనే వెనక్కి వెళ్ళే బోటెక్కాను. సగం దూరంలో ఎదురుగా వచ్చే బోటులో స్కూటర్ల మధ్య నిలబడి, పొట్లం విప్పుకుని తింటూ మీ అమ్మ! కేకేశాను. చెయ్యి ఊపింది. ఆవిడ అటు, నేను ఇటు. మళ్ళీ తిరిగొచ్చేసరికి జెట్టీ మెట్ల మీద కదలకుండా కూర్చుని ఉంది. "ఇద్దరూ తిరుగుతుంటే ఎలా దొరుకుతాం, ఒకరు ఒకచోట ఉండాలి గానీ" అని నాకే అక్షింతలు. బజ్జీలు నాకు ఒకటే మిగిల్చింది.

చైనా వలలు చూశాం, రాళ్ళు వేలాడదీసి ఏతం లాగా దించుతారు, లేపుతారు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కో డ గామాని పాతిపెట్టిన చోటుంది. 1524లో కొచ్చిలోనే పోయాడు. 1539లో ఎముకలు పోర్చుగల్‌కి తీసుకెళ్ళారు. ఆయన కూడా చివరికి ఇంటికి చేరాడు. సంక్రాంతికి నీ టికెట్ అయిందా?

మట్టాంచేరి ప్యాలెస్‌ని 1555లో పోర్చుగీసువాళ్ళు కట్టి రాజుకిచ్చారు. తర్వాత బాగు చేయించింది డచ్చివాళ్ళు గనక డచ్ ప్యాలెస్ అని పేరు వాళ్ళదే మిగిలింది. రాజుగారి పడకగది గోడల నిండా రామాయణం బొమ్మలు. మీ అమ్మ దణ్ణం పెట్టుకుంటూ అరగంట నిలబడింది. మోకాలి నొప్పి అప్పుడు గుర్తురాలేదు.

నాకు మాత్రం యూదుల పాత వీధి జ్యూ టౌన్ వాసనే నచ్చింది. మిరియాలు, శొంఠి, యాలకులు. గింజ నలిపి చూశాను, మన కొట్టులో అమ్మేవి దీని ముందు బొప్పాయి గింజలే.

ఉద్యోగం మారడం తప్పని నేననను. కానీ చేతిలో ఇంకోటి పెట్టుకుని మారాలి, ఆరు నెలల ఖర్చు పక్కన ఉంచుకోవాలి, ఇంట్లో చెప్పాలి. ఎరువుల కొట్టు సంగతి నేను తాతయ్యకి చెప్పకపోతే ఏమైందో నీకు తెలుసు. సరే, ఇది ఉపన్యాసం అయిపోతోంది. రాత్రిళ్ళు పెరుగు మానెయ్, దగ్గొస్తుంది నీకు.

పోయిన వారం పంపిన గోంగూర పార్శిల్ తలుపు తాళం వేసి ఉందని వెనక్కొచ్చింది. అందుకే ఈ ఉత్తరం మీ ఆఫీసు అడ్రసుకి పంపుతున్నాను. ఇదీ వెనక్కొస్తే బాబాయితో ఏం చెప్పాలో నేను చూసుకుంటాను, నువ్వు టెన్షన్ పడకు.

అరకిలో మిరియాలు నీకని విడిగా కట్టి ఉంచింది అమ్మ. ఏ అడ్రసుకి పంపాలో ఒక్క ముక్క చెప్పు.

మీ నాన్న