మా 11 మంది పిల్లల తరఫున కృతజ్ఞతలు

ఈ ఏడాది మా బస్తీ నుంచి 11 మంది పిల్లలు మధ్యలో మానకుండా చివరి పరీక్ష దాకా బడికి వెళ్లారు. వాళ్ల చదువు ఖర్చు పెట్టుకున్న మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఎప్పుడో రాయాల్సింది. ఫలితాలు వచ్చాక రాద్దామని ఆగాను, అవి వచ్చాక అడ్మిషన్ల హడావిడిలో పడిపోయాను.

ఫీజు రశీదులు ఎవరివి వాళ్లకు పంపేశాను. అందకపోతే చెప్పండి.

ఏడాది మొదట్లో మీలో ఒకావిడ ఫోన్ చేసి, "ఫీజు కట్టాక కూడా పిల్లలు ఎందుకు మానేస్తున్నారమ్మా?" అని అడిగారు. నిజం చెప్పాలంటే నేనూ అప్పటిదాకా సరిగ్గా ఆలోచించలేదు. ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కరి పేరు ఎదురుగా కారణం రాసుకున్నాను. ఒకరికి బస్సు చార్జీలు. ఇద్దరికి ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకునే పని. ఒక కుటుంబం అద్దె కట్టలేక ఇల్లు మారింది, బకాయి తీరిస్తే గానీ టీసీ ఇవ్వమని పాత బడివాళ్లు కూర్చున్నారు. ఏడో తరగతి పాప పేరు దగ్గర మాత్రం ఏమీ రాయలేకపోయాను. బడి దగ్గరే, ఇంట్లో పని చెప్పరు, అయినా వారంలో మూడు రోజులు డుమ్మా.

ట్యూషన్లో ఆ పిల్ల ఎప్పుడూ పక్కపిల్ల నోట్‌బుక్‌లోకి తొంగి చూస్తూ రాసుకునేది. కాపీ కొడుతోందని నేనే రెండుసార్లు కసిరాను. బడిలో అయితే బెంచీ మీద నిలబెట్టారట. ఒకరోజు క్యాలెండర్ చూసి తేదీ చెప్పమంటే, లేచి గోడ దాకా నడిచి, ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి చెప్పింది. అప్పుడు వెలిగింది నాకు. కళ్ల పరీక్షకీ కళ్లజోడుకీ ఫోన్ చేసిన ఆవిడే డబ్బు పంపారు. జోడు పెట్టుకొచ్చిన మొదటి రోజే, "అక్కా, అక్కడ ఒత్తు మర్చిపోయావు" అంది, వెనక వరసలో కూర్చుని. నిజంగానే మర్చిపోయాను.

ఇలాంటి సాయంతో నిజంగా ఫలితం ఉంటుందా అని మీలో ఒకరు అడిగారు. ఆరు దేశాల్లో పదివేల మందికి పైగా వివరాలు సేకరించి ఆర్థికవేత్తలు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పుడు స్పాన్సర్ దొరికినవాళ్లు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని అందులో తేలింది. ఆ ఆర్థికవేత్తలు పరిశీలించిన సాయం కార్యక్రమంలో ఫీజుతో పాటు యూనిఫాం, వైద్యం, ట్యూషన్ కూడా ఉండేవి. ఏడాదేగా అనిపిస్తుంది. తొమ్మిదిలో ఆగిపోయే పిల్లకి ఆ ఏడాదే పదో తరగతి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొదలుపెట్టింది 12 మందితో. ఒక అబ్బాయి మధ్యలో పనికి వెళ్లిపోయాడు. వాడి ఫీజు కట్టిన సార్‌కి ఆ సంగతి చెప్పడానికి వారం రోజులు టెన్షన్ పడ్డాను. ఆయన ఒక్క మాట అనలేదు. "డబ్బు వెనక్కి పంపకండి, వాడి పేరు మీదే ఉంచండి" అన్నారు. ఉంచాను.

మొన్న ఆదివారం వాడు చెల్లెల్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, బోర్డు మీద లెక్క పూర్తయ్యేదాకా చూసి వెళ్లాడు.