కుమారీ, ముందు రిజిస్టరు సంగతి చెప్పనీ

కుమారీ,

ఇన్నాళ్లు రాయనందుకు తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, నీకా హక్కుంది. సంక్రాంతికి రాద్దామంటే ఇంటినిండా చుట్టాలు, ఆ తర్వాత సెమినార్లు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. తమ్ముడు గాజువాకలో ఉద్యోగంలో చేరాడు. మీ పెద్దమ్మ పూర్ణా మార్కెట్ దగ్గర కనబడి నీ పెళ్లి మాట నన్నడిగింది, నాకేం తెలీదని తప్పుకున్నాను. కబుర్లు అయిపోయాయి. ఇక నన్ను ఆపకు.

దొరికిందే! నా ప్రాజెక్టుకి కావాల్సింది దొరికింది.

మొదట్నించీ చెబితే గాని దాని విలువ నీకు తెలీదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి కదా. ఆ భయానికి జనం ఇళ్లు వదిలి ఎటు పోయారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఇదీ నా అంశం. మా నాయనమ్మ చెప్పే ఎడ్లబండి కథ నీకూ కంఠతా వచ్చు. (ఆవిడ గుమ్మడికాయ దగ్గరికి రాగానే మనిద్దరం ఏం చేసేవాళ్లమో ఇక్కడ రాయను.) అంశం బాగుంది, కానీ నాయనమ్మ ఒక్కరే చాలదు, రాతలో ఆధారం చూపించు అన్నారు మేడం. న్యాయమే.

వెతకడం మొదలుపెట్టాను. బాంబుల గురించి బోలెడుంది. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి ఎగిరొచ్చాయని, అదే రోజు కాకినాడ మీదా పడ్డాయని, ముందురోజే కొలంబో మీద దాడి జరిగిందని, ఓడల పేర్లతో సహా దొరుకుతాయి. మనుషులు మాత్రం దొరకరు. కంప్యూటర్ కేటలాగులో విశాఖపట్నం అని కొడితే స్టీల్ ప్లాంటు, బౌద్ధ స్తూపాలు, పర్యాటకం. తెల్లవాళ్ల స్పెల్లింగుతో వైజాగపటం అని కొట్టాక జిల్లా వివరాలన్నీ రాసిపెట్టిన పాత పుస్తకాలు, 1869 నాటి కార్మైకేల్ మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్ బయటపడ్డాయి. ఎంత బాగున్నాయో! చదువుతూ రెండు పూటలు నా అంశమే మర్చిపోయాను. కానీ 1942కి అవి చాలా ముందువి.

పైగా లైబ్రరీలో పుస్తకాలు సర్దే డ్యూయీ అంకెల్లో రెండో ప్రపంచ యుద్ధం 940.53, 940.54 దగ్గర ఉంటుంది, మన రాష్ట్ర చరిత్ర 954.84 దగ్గర, రేవులు 387 దగ్గర. ఒకే రోజు ఒకే ఊళ్లో జరిగింది కాస్తా మూడు బీరువాల పాలైంది. ఏ బీరువా ముందు నిలబడ్డా మిగతా రెండూ కనబడవు.

జనాభా లెక్కలు చూశాను. మన ఊరు 1921లో నలభై నాలుగు వేల పైచిలుకు, 1931కల్లా యాభై ఏడు వేలు దాటింది. రేవు కట్టిన కాలం కదా, ఎక్కడెక్కడి వాళ్లూ పనికి వచ్చుంటారు. 1941లో డెబ్భై వేలు, 1951లో లక్ష పైన. ఆ రెండు లెక్కల మధ్య ఊరంతా లేచిపోయి మళ్లీ వచ్చి కూర్చున్నా ఆ కాగితాల్లో జాడ ఉండదు. పత్రికలు చూద్దామా అంటే యుద్ధకాలపు సెన్సారు. ప్రెస్ అకాడమీ వాళ్లు కంప్యూటర్లోకి ఎక్కించిన పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు కళ్లు మండేదాకా తిప్పాను. ఇంకో చోట బౌండు వాల్యూములు వరసగా ఉన్నాయి, నాకు కావాల్సిన నెల మాత్రమే లేదు. ఆ రోజు బీచ్‌లో ఒక్కదాన్నే చీకటి పడేదాకా కూర్చున్నాను కుమారీ. నువ్వుంటే పంతులుగారి మాట అని నవ్వించేదానివి.

అప్పుడు మేడం ఓ దారి చెప్పారు. అంశం పేరు పట్టుకుని వెతకడం ఆపు, ఆ నెలలో ఎవరికి ఏది రాసి పెట్టుకోక తప్పలేదో ఆలోచించు అన్నారు. కిరాయి చేతికి రాని ఇంటి యజమాని రాసుకుంటాడు. పిల్లలు రాని బడి రాసుకుంటుంది. ఇలా ఓ పేజీ నిండా రాశాను. అందులో గ్రంథాలయం మాత్రం తట్టలేదు. ఆ సమయంలో నేను కూర్చున్నదే గ్రంథాలయంలో!

అది, యూనివర్సిటీల సిద్ధాంత గ్రంథాలు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటులో తగిలింది. సిద్ధాంత గ్రంథాల్ని నేనిప్పుడు వెనకనుంచి చదువుతున్నాను. ముందు ఆధార గ్రంథాల పట్టిక, తర్వాత పాదసూచికలు, చివర్న అసలు విషయం. నువ్వూ అలాగే చెయ్యి, ఎంత టైము మిగులుతుందో చూడు. గ్రంథాలయోద్యమం మీద ఒకటి తెరిచాను. అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1914లో బెజవాడలో పెట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అంతకు చాలా ముందే 1886లో మన విశాఖలో వెలసిన సరస్వతీ నిలయం, ఇవన్నీ మన పెద్దలు ఎంత తపనతో చేశారే! నా అంశం కాకపోయినా వదల్లేకపోయాను. అందులో ఓ పాదసూచిక, వన్‌టౌన్‌లో ఒక చిన్న పఠన మందిరం పాత రిజిస్టర్లు దాని నిర్వాహకుల దగ్గర భద్రంగా ఉన్నాయని.

పరుగెత్తాను. సందు చివర ఒకటే గది. నలుగురు పెద్దాళ్లు పేపర్లు చదువుకుంటున్నారు. తాళం ఒక రిటైర్డు మాస్టారి దగ్గరుంది. నేనెవరి అమ్మాయినో, ఏ వీధో, అన్నీ అడిగి, చేతులు కడుక్కుని రమ్మన్నారు. బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన. రిజిస్టరుకి ఎర్ర గుడ్డ అట్ట, లోపల నల్ల సిరా, అంకెలన్నీ తెలుగు అంకెలే. తేదీ, పుస్తకం, సభ్యుని పేరు, తిరిగి ఇచ్చిన తేదీ, చివర వివరము అని ఓ గడి.

మార్చి పేజీలు కిక్కిరిసి ఉన్నాయి. నవలలు, ఆయుర్వేదం, భారతం పర్వాలు. ఏప్రిల్ ఆరు తర్వాత ఒక్కసారిగా పల్చబడిపోయాయి. కొన్ని రోజులైతే తేదీ వేసి, కింద గీత గీసి వదిలేశారు. ఎవరూ రాలేదన్నమాట. అయినా ఆయన తలుపు తీశారు! ఊరంతా పోతుంటే ఆ గ్రంథాలయాధికారి రోజూ వచ్చి తేదీ వేశారు. అది చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆగు, అసలుది ఇప్పుడొస్తుంది. ఆ చివరి గడి ఉంది చూశావూ, అక్కడ పాత పేర్ల ఎదురుగా వేరే సిరాతో ఊళ్ల పేర్లు రాసి ఉన్నాయి. చోడవరం. అనకాపల్లి. శృంగవరపుకోట. పాలకొండ. మొదట అర్థం కాలేదు. మాస్టారే అన్నారు, "పుస్తకం పట్టుకుపోయినవాడు ఎక్కడున్నాడో తెలియకపోతే ఎలా వసూలు చేస్తారమ్మా?" అని. అర్థమైందా? పుస్తకాలు తిరిగి రాబట్టుకోవాలని ఆయన ఎవరు ఏ ఊరు పోయారో కనుక్కుని రాసి పెట్టుకున్నారు. నేను ఇన్నాళ్లూ వెతుకుతున్నది అదే! ఎటు పోయారో ఒక గడిలో, ఎప్పుడొచ్చారో తిరిగి ఇచ్చిన తేదీ గడిలో. కొన్ని జూన్‌లోనే తిరిగొచ్చాయి. కొన్ని ఏడాది దాటాక. కొన్నిటికి ఆ గడి ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది. ఇద్దరి ఎదురుగా గుంటూరు అని ఉంటే గుండె దడదడలాడింది, ఎందుకంటే యుద్ధంలో ఆంధ్రా యూనివర్సిటీ తరలిపోయింది గుంటూరుకే. వాళ్లు అక్కడి ఉద్యోగులేమో, ఇంకా రుజువు చెయ్యాలి.

మాస్టారు అడగ్గానే ఫొటోలు తీసుకోనిచ్చారు. పేర్లు మాత్రం బయటపెట్టనని మాటిచ్చాను, ఆ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి కదా. పేర్ల బదులు నంబర్లు వేసి పట్టిక రాస్తున్నాను.

మేడంకి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు, ఇందులో రేవు కూలీలు ఎక్కడున్నారు, జాలరిపేట వాళ్లు ఎక్కడున్నారు అని. లేరే. చదువొచ్చి, చందా కట్టగలిగినవాళ్లే ఉన్నారు. ఆడవాళ్లు దాదాపు లేరు, మా నాయనమ్మ కూడా ఉండదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎడ్లబండి కట్టించుకునే తాహతు లేనివాళ్లు అసలు వెళ్లగలిగారా? వాళ్ల సంగతి ముసలాళ్ల నోటనే వినాలి, అదీ త్వరగా, ఎందుకంటే వాళ్లు... సరేలే, వచ్చే ఆదివారం నుంచి వెళ్తున్నాను.

ఇక నీ పని. ఇది పోస్టులో వెయ్యకుండా చిన్నబావ చేత పంపడం అందుకే. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం కాబట్టి అప్పటి ప్రభుత్వ కాగితాలు మీ చెన్నై ఎగ్మూర్‌లో, తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. నువ్వొకసారి వెళ్లి, బయటి విద్యార్థికి అనుమతి ఎలా ఇస్తారో, కాలేజీ నుంచి ఏ ఉత్తరం తేవాలో కనుక్కో. లోపల పట్టికల్లో 1942 ఏప్రిల్ నుంచి జూన్ దాకా పబ్లిక్ డిపార్ట్‌మెంటు జీవోలు చూడాలి. ఊరి పేరు పాత స్పెల్లింగుతోనే చూడు, మర్చిపోకు. ఆ దగ్గర్లోనే కన్నెమరా లైబ్రరీ, 1896 నాటిది. అక్కడ పాత తెలుగు పత్రికల బౌండు వాల్యూములు ఏవేవి ఉన్నాయో అడిగి రాసుకో. మద్రాసు ప్రభుత్వం పక్షానికోసారి ఢిల్లీకి పంపిన నివేదికల కోసం జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్‌లో నేనిక్కణ్నించే వెతుకుతున్నాను, అది నువ్వు పట్టించుకోనక్కర్లేదు.

పెన్సిలు పట్టుకెళ్లు, ఇలాంటి చోట్ల పెన్ను రానివ్వకపోవచ్చు. బావ చేత పూతరేకులు పంపుతున్నాను, మొత్తం నువ్వే తినకు, శనివారం మనిషికి ఉంచు.

అన్నట్టు ఆ రిజిస్టరులో ఇంకోటి ఉందే, మే నెలలో ఒకేరోజు ఒకాయన పదకొండు పుస్తకాలు తిరిగిచ్చాడు, అన్నీ వేరేవేరే వాళ్లవి, పాలకొండ వైపు పోయినవాళ్లవి. అంటే ఆయన ఊరూరా తిరిగి... ఆటో వచ్చేసింది, బావ కిందనుంచి కేకలేస్తున్నాడు. మిగతాది

నీ
వాణి